సిగ్నల్ దగ్గర వేడిగాలి

మా బావ సాంబయ్యకు నా గొంతు ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదంటే మా గల్లీలో ఎవరూ నమ్మరు. నా గొంతు చిన్నదేం కాదు. డాబా మీద నుంచి కూరగాయల బండిని పిలిస్తే పక్క గల్లీలో బండి కూడా ఆగుతుంది. అయినా ఉప్పల్ చిలుకానగర్‌లో ఒకే ఇంట్లో, కింది వాటాలో ఆయన, పై వాటాలో మేము ఇన్నేళ్లుగా ఉంటూ కూడా ఆయనతో నేను ఎదురుగా ఒక్క మాట మాట్లాడలేదు. భర్త అన్న ముందు మరదలు నోరు విప్పకూడదన్నది మా అత్త కౌసల్యమ్మ జనగామ దగ్గరి ఊరి నుంచి తెచ్చుకున్న పద్ధతి. పట్నం వచ్చేటప్పుడు సామాన్లతో పాటు దాన్ని కూడా డీసీఎంలో ఎక్కించుకొని వచ్చింది.

ఆదివారం అందరం కిందే తింటాం. వండేది మా తోడికోడలు, వడ్డించేది నేను. బావ ముందు పప్పు గిన్నెతో నిలబడి, ఆయన్ని కాదు, అత్తను అడగాలి. “పప్పు ఎయ్యాల్నా అని అడుగుతుంది” అని అత్త ఆయనకు చెబుతుంది. “జర ఎయ్యమను” అని ఆయన అత్తకు చెబుతాడు. గరిటె నా చేతిలో, పళ్లెం ఆయన ముందు, మాట మాత్రం మా అత్త చుట్టూ తిరిగి రావాలి. పప్పు వరకు ఈ ఏర్పాటు బాగానే నడిచింది. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ ఎండాకాలమంతా నా ప్రాణం తీసింది.

కారు నడిపేది నేను. తెల్ల బండి, పసుపు నంబర్ ప్లేటు. మా ఆయన దుర్గేష్ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి కారు కొన్న కొత్తలో డ్రైవర్లను పెట్టారు, ఒక్కడూ నిలవలేదు, నేను నిలిచాను. కారుకు ఏం జబ్బు చేసినా చూసేది మా బావే. నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డు పక్కన ఆయనకు రేకుల షెడ్డు ఉంది. పని తెలిసినవాడు, ఆ మాట కాదనను. ఇంజిన్ చప్పుడు విని ఏం పోయిందో చెప్పగలడు. నా చప్పుడు మాత్రం ఆయనకు వినపడకూడదు, అదే చిక్కు.

హోళీ వెళ్లాక ఒక మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. బావ బానెట్ తెరిచి కంప్రెషర్ పట్టేసిందన్నాడు, కొత్తది వేశాడు. బండి ముందు జాలీ వెనకాల కండెన్సర్ అని ఒకటి ఉంటుంది, కారు లోపలి వేడినంతా బయటికి వదిలేది అదే. దాని మీద గాలి ఆడడానికి చిన్న ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను మోటారు కూడా కాలిపోయిందని, ఇంకో బండిలోంచి తీసిన మోటారు తెచ్చి బిగించాడు. గ్యాస్ నింపాడు. బండి ఇంటికి వచ్చిన పొద్దున నేను ఏసీ వేస్తే ముఖం మీద చల్లగా తగిలింది, మనసులోనే ఆయనకు దండం పెట్టుకున్నాను. ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ దండం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చల్లగాలి కాస్తా గోరువెచ్చగా, తర్వాత వేడిగా మారి, పొయ్యి ముందు కూర్చున్నట్టయింది. సిగ్నల్ పడి బండి కదిలి కాస్త వేగం అందుకోగానే మళ్లీ చల్లబడింది.

ఆ ఎండాకాలం నాకు కచ్చితంగా కావలసింది ఏసీనే. రామంతాపూర్ నుంచి అనంతలక్ష్మమ్మ అని ఒక పెద్దావిడను డయాలసిస్‌కు ఏఎస్ రావు నగర్ తీసుకెళ్లి తీసుకురావడం నా పని. వారంలో రోజు విడిచి రోజు. ఆమె కొడుకు నన్ను నమ్మి ఒప్పుకున్నాడు, నా మిగతా ట్రిప్పులన్నీ ఆ పని చుట్టే కుదుర్చుకున్నాను. ఆమె రామంతాపూర్ టీవీ సెంటర్‌లో టేపులు దాచే గదిలో పని చేసి రిటైరైంది. మాట చురుకు, ఒంట్లో మాత్రం ఓపిక లేదు. డయాలసిస్ అయి వచ్చేటప్పుడు నాచారం రోడ్డు మీద లారీల వెనక ఇరుక్కుంటే ఆమె కళ్లు మూసుకొని తడిగుడ్డ నెత్తిన వేసుకునేది. ఒక రోజు కళ్లు మూసుకునే అంది.

“మా టేపుల రూములో ఏసీ బందైతే ఆఫీసర్లు ఉరికొచ్చేటోళ్లు బిడ్డా. మనిషికి బందైతే ఎవ్వరొస్తలేరు సూడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చిన దుర్గేష్‌ను కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పాను. బండి నడుస్తుంటే చల్లగా వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తుంది, మళ్లీ నడిస్తే చల్లగా వస్తుంది, ఇది మర్చిపోకుండా చెప్పమన్నాను. బుద్ధిగా తలూపి కిందికి దిగాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

“అన్నా, ఏసీ జర తక్కువొస్తుందట. నీకు ఈలైనప్పుడు ఒకసారి సూడు,” అన్నాడు మా ఆయన.

అంతే. ఆగడం లేదు, నడవడం లేదు, సిగ్నల్ అసలే లేదు. పైకి వచ్చాక, నేను చెప్పిందేమిటి నువ్వు చెప్పిందేమిటి అని నిలదీస్తే, అన్నకు అంత వివరంగా చెబితే పని నేర్పినట్టు ఉంటుందన్నాడు. ఆయన భయస్థుడు కాదు, అన్నంటే గౌరవం. చిన్నప్పుడు నాన్న పోతే ఈయన్ని చదివించింది బావే. ఆ గౌరవం నాకు తెలుసు, అందుకే కాసేపు ఊరుకున్నాను. ఏసీ మాత్రం ఊరుకోలేదు.

తక్కువ వస్తుందంటే మెకానిక్ ఏం చేస్తాడు, గ్యాస్ నింపుతాడు. బావ గ్యాస్ నింపాడు. మళ్లీ దుర్గేష్ వెళ్లి “ఇంకా జర తక్కువనే ఉన్నదట” అన్నాడు. బావ కండెన్సర్ మార్చాడు. మూడోసారి డాష్‌బోర్డు మొత్తం విప్పి లోపలి కూలింగ్ కాయిల్ మార్చాడు, గ్యాస్ ఇంకొంచెం కొట్టాడు. డాష్‌బోర్డు తిరిగి బిగించాక గతుకు వచ్చినప్పుడల్లా అందులో ఏదో గలగలలాడేది. ఖర్చు సంగతి నేను ఎత్తను, ఎత్తితే నాకే బీపీ. మార్చగలిగిన సామానంతా మారిపోయింది, రింగ్ రోడ్డు దగ్గర వేడిగాలి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ప్రతిసారీ బండిని షెడ్డు నుంచి తెచ్చేటప్పుడు చల్లగా ఉండేది. బావ పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద మల్లాపూర్ దాకా నడిపి చూసేవాడు, చల్లగా ఉండేది. షెడ్డులో నిలబెట్టి ఎంతసేపు నడిపినా చల్లగానే ఉండేది. అలా అలా తప్పు బండి మీద నుంచి జరిగి జరిగి నా మీదికి వచ్చింది. ఒక రోజు నేను డాబా మీద బట్టలు తీస్తుంటే అత్త వచ్చి బావ తీర్పు వినిపించింది.

“షెడ్డుల మంచిగనే వస్తుందట. నీ చేతికొస్తెనే వస్తలేదట. ఆడోళ్లకు ఏసీ ఎట్ల వాడాల్నో తెల్వదు, అద్దాలు దించుకుంట నడుపుతరు అంటున్నడు మీ బావ.”

ఒళ్లు మండిపోయింది. అద్దాలు దించేది లోపల ఉడికిపోతున్న మనిషిని బతికించుకోవడానికని అత్తకు చెప్పాను. ఆమె ఆ మాట కిందికి మోసుకెళ్లిందో లేదో నాకు తెలియదు. మోసుకెళ్లినా దారిలో సగం ఒలికిపోయి ఉంటుంది.

మే నెల మధ్యలో రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. అనంతలక్ష్మమ్మ కొడుకు ఫోన్ చేసి, అమ్మకు బండిలో కళ్లు తిరుగుతున్నాయని, నెలాఖరు నుంచి వేరే బండి చూసుకుంటామని మర్యాదగానే చెప్పాడు. అదే రోజు సాయంత్రం అత్త పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బండి నా చేతిలో పాడవుతోందని బావ అనుకుంటున్నాడట. ఆయన బామ్మర్ది ప్రశాంత్ ఖాళీగా ఉన్నాడు, వచ్చే ఆదివారం వచ్చి తాళాలు తీసుకుంటాడట. నన్ను ఇంట్లో కూర్చోమన్నారు. దుర్గేష్ ఆ మాటలు వింటూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, పెట్టిన గుండీనే మళ్లీ పెట్టుకున్నాడు.

స్టీరింగ్ పట్టుకున్నాకే నేను ఈ ఊరిని చూశాను. ఉప్పల్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో, ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో, ఏ ఆసుపత్రి ముందు బండి ఆపనిస్తారో నా చేతులకు తెలుసు. అదంతా ఒక వేడిగాలికి వదిలేసి వంటింట్లోకి పోవాలంటే నాకు ఏడుపు రాలేదు, పంతం వచ్చింది. తాళాలు ఇచ్చేది లేదని ఆ క్షణమే అనుకున్నాను. ఎలా ఇవ్వకుండా ఉంటానో మాత్రం అప్పటికి తెలియదు.

మర్నాడు అనంతలక్ష్మమ్మను ఎక్కించుకొని ఉప్పల్ మెట్రో స్టేషన్ దాకా వచ్చేసరికి ముందు ఏదో బస్సు చెడిపోయి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆమె ముఖం పాలిపోయింది. పక్కకు తీసి మెట్రో పిల్లర్ నీడలో బండి ఆపి, ఆమెను దించి గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆమె పేపరు మడిచి విసురుకుంటూ, ఇంజిన్ ఆపలేదేమని అడిగింది. దాని సంగతేదో ఇవాళ తేల్చాలనుకున్నానని చెప్పి, ఏసీ అలాగే నడవనిచ్చి బానెట్ ఎత్తి బండి ముందుకు వచ్చి నిలబడ్డాను.

నా చున్నీ కొస వెనక్కి ఎగిరింది. మోకాళ్లకు వేడిగాలి కొడుతోంది. అక్కడ ఇంకెక్కడా గాలి లేదు, చెట్టు ఆకు కూడా కదలడం లేదు. నేను పక్కకు జరిగాను, గాలి లేదు. మళ్లీ జాలీ ముందుకు వచ్చాను, గాలి కొట్టింది. కిందటేడు మా వంటింట్లో పొగ బయటికి తోసే ఫ్యాను చెడిపోతే దుర్గేష్ కొత్తది తిరగేసి బిగించాడు. తాలింపు వేయగానే పొగంతా ఇంట్లోకే వచ్చి అందరం దగ్గి దగ్గి బయటికి పరిగెత్తాం. అది గుర్తొచ్చింది.

అనంతలక్ష్మమ్మ చేతిలోని పేపర్లోంచి ఒక షీటు అడిగి తీసుకొని జాలీకి ఆనించి వదిలాను. అది ఎగిరి రోడ్డు మీద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎగిరింది. కొంచెం అవతల నా బండి లాంటిదే ఇంకో క్యాబ్ ఆగి ఉంది. డ్రైవర్‌ని బతిమాలి ఏసీ వేయించి, అదే కాగితం దాని జాలీకి పెట్టాను. అతికించినట్టు పట్టుకుంది, చేయి తీసినా పడలేదు. అతను కిందికి దిగి, ఏం మంత్రం వేస్తున్నావక్కా అన్నట్టు చూశాడు.

“వానిది గుంజుకుంటుంది, నీది ఊదుతుంది బిడ్డా,” అంది గట్టు మీద నుంచి అనంతలక్ష్మమ్మ.

బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఎటూ లోపలికి తోసుకొని వస్తుంది కనుక ఫ్యాను ఎటు తిరిగినా చెల్లిపోతోంది. ఆగినప్పుడు ఇంజిన్ వేడినంతా అది తెచ్చి కండెన్సర్ మీదే పోస్తోంది. వేరే బండి మోటారు బిగించినప్పుడు వైర్లు అటుదిటు కలిసి ఉంటాయి. మరి షెడ్డులో ఎందుకు చల్లగా ఉండేది అని ఒక్క నిమిషం ఆలోచించాను, అప్పుడు వచ్చింది అసలు కోపం. రేకుల కింద ఉడుకుతుందని బావ అక్కడ మనిషెత్తు ఫర్రాటా ఫ్యాను పెట్టుకున్నాడు. అది ఎప్పుడూ బానెట్ వైపే తిరిగి ఉంటుంది. బండికి అక్కడ దొరికేది ఆ గాలి. ఆయన తనకోసం పెట్టుకున్న గాలిని ఏసీ ఖాతాలో వేసి, వేడిని నా ఖాతాలో వేశాడు. ఆగితే వేడి, నడిస్తే చల్లన అన్న మాట మొదటి రోజే ఆయన చెవిన పడి ఉంటే చిటికెలో పట్టేసేవాడు. ఆ మాట నా నోట్లోంచి బయలుదేరి ఆయన దాకా చేరనేలేదు.

దుర్గేష్‌కు ఫోన్ చేసి చెప్పాను. సంతోషపడ్డాడు, వెంటనే గొంతు తగ్గించాడు. మేడిపల్లిలో తనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడట, చప్పుడు చేయకుండా రెండు వైర్లు మార్పించుకుందామన్నాడు.

“అన్న చేతులతోని కట్టిండు వేణీ. ఎట్ల చెప్తం ఆయనకు. అన్న ఇజ్జత్ పోతది.”

“మరి నా ఇజ్జత్?” అన్నాను.

మేడిపల్లిలో మార్పిస్తే ఏసీ బాగవుతుంది, తీర్పు మాత్రం అలాగే ఉంటుందని చెప్పాను. ఆదివారం ప్రశాంత్ వచ్చి, చల్లని బండి తోలుకొని పోతాడు. ఆడదాని చేతిలో పాడైన ఏసీ వాడు ఎక్కగానే బాగైందని మా అత్త వాడకట్టంతా చెబుతుంది. నేను ఫోన్ పెట్టేశాను.

అనంతలక్ష్మమ్మను ఏఎస్ రావు నగర్‌లో ఆసుపత్రిలో దించాను. డయాలసిస్ అయ్యేదాకా ఎప్పుడూ బండిలోనే కూర్చునేదాన్ని. ఆ రోజు బండి తిప్పుకొని సీదా నాచారం షెడ్డుకు వచ్చాను. ఎప్పటిలాగే లోపలికి నడిపించి ఫర్రాటా ఫ్యాను ముందు ఆపాను. బావ ఒక ట్రాలీ ఆటో కింది నుంచి లేచాడు. రాజయ్య అని లారీ డ్రైవర్, ఆయన స్నేహితుడు, స్టూలు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. బావ నన్ను చూశాడు, నా వెనక దుర్గేష్ ఉన్నాడేమోనని చూశాడు, లేడు. చేతులు తుడుచుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“రాజయ్యా, తమ్ముడు రాలేదా అడుగు,” అన్నాడు.

పాపం రాజయ్య గ్లాసు పట్టుకొని నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. నేను గోడ దగ్గరికి వెళ్లి ఫర్రాటా ఫ్యాను స్విచ్చు ఆపేశాను. అది గిరగిరా తిరిగి తిరిగి మెల్లగా ఆగిపోయింది. నేను బావ వైపు తిరిగాను.

“రాజయ్యన్నతోని ఎందుకు బావా. మీ తమ్ముడు డ్యూటీల ఉన్నడు, బండి నడిపేది నేను, నాతోనే మాట్లాడుండ్రి. కండెన్సర్ ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది.”

బావ చెవులు ఎర్రబడ్డాయి. తల తిప్పలేదు. ఫ్యాను ఎక్కడైనా ఉల్టా తిరుగుతుందా అని అడగమని రాజయ్యకే చెప్పాడు. నేను బండి స్టార్ట్ చేసి ఏసీ వేశాను. కాగితం జాలీకి పెట్టి వదిలితే అది లేచి వెళ్లి బావ కాళ్ల దగ్గర పడింది. తీసి ఆయన చేతికిచ్చి, మీరే పెట్టి చూడండన్నాను. ఆయన వంగి అరచేత్తో కాగితాన్ని జాలీకి నొక్కిపెట్టి వదిలాడు. ఎగిరింది. ఇంకోసారి పెట్టాడు. తర్వాత కాగితం పక్కన పెట్టి, మసి చేతిని జాలీ ముందు చాపి అలాగే ఉంచాడు. వేడిగాలికి ఆయన చొక్కా చేతులు ఊగుతున్నాయి. అంతలో కారు లోపలి గాలి కూడా వేడెక్కడం మొదలైంది, తలుపు తెరిచి చూపించాను. షెడ్డులో అది వేడెక్కడం ఆయన మొదటిసారి చూశాడు.

ఆయన కటింగ్ ప్లేయర్ తెచ్చుకొని లోపలికి చేయి పెట్టి, తాను చుట్టిన టేపు తానే విప్పాడు. మోటారు పాతది, రెండు వైర్లూ జిడ్డుతో ఒకే రంగులో ఉన్నాయి. సాకెట్ సరిపోక కోసి కలిపినట్టున్నాడు. కోసి, అటుది ఇటు ఇటుది అటు కలిపి, టేపు చుట్టాడు. చుట్టడం ఎప్పటికన్నా ఎక్కువ సేపు పట్టింది.

“స్టార్ట్ చెయ్యి,” అన్నాడు నేల వైపు చూస్తూ.

రాజయ్య చుట్టూ చూశాడు. షెడ్డులో స్టీరింగ్ దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే. స్టార్ట్ చేశాను. బావ కాగితం తీసుకొని జాలీ మీద పెట్టి చేయి తీశాడు, అది అక్కడే అతుక్కుంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. రాజయ్య చెమట తుడుచుకొని, ఇప్పుడైనా ఫర్రాటా వేసుకోవచ్చా అని నన్ను అడిగాడు. వేసుకోమన్నాను.

ఆ మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు నాచారం రోడ్డు మీద ఎప్పటిలాగే లారీల వెనక ఇరుక్కున్నాం. నేను కావాలనే అద్దాలన్నీ ఎక్కించి అద్దంలో వెనక సీటు చూస్తూ కూర్చున్నాను. అనంతలక్ష్మమ్మ తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది. కాసేపటికి చెంగు భుజాల మీదికి లాక్కొని, జర తగ్గించు బిడ్డా, చలి పెడుతోందంది. నేను తగ్గించలేదు, ఇంకొక్క నిమిషం భరించమన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నెలాఖరున బండి మార్చే మాట తన కొడుకుతో తాను మాట్లాడతానని ఆమే చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి వార్త నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. అత్త నాతో మాట్లాడడం మానేసింది. మాట్లాడిన ఒక్కసారి మాత్రం, నలుగురిలో బావకు ఎదురు నిలబడి ఇంటి పరువు తీశానంది. నిజం చెప్పడానికి ఇంతమందిని దాటి పోవాల్సిన ఇంటికి పరువేమిటని నేను అన్నాను. అది ఎక్కువే, అయినా వెనక్కి తీసుకోలేదు. బావ మాత్రం వాడకట్టులో అడిగినవాళ్లకు, మోటారే అట్ల వచ్చిందని చెబుతున్నాడని తెలిసింది. చెప్పుకోనీ అనుకున్నాను. నాకు ఆయన క్షమాపణ అక్కర్లేదు, తాళాలు నా దగ్గర ఉంటే చాలు.

ఆదివారం ప్రశాంత్ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు, రమ్మంటే వచ్చాడు. కింద అందరూ పళ్లేల ముందు కూర్చున్నారు. నేను పప్పు గిన్నె పట్టుకొని వచ్చేసరికి అత్త, భోజనాలయ్యాక తాళాలు వాడికివ్వమంది. తాళాలు నా చున్నీ కొసకు ముడి వేసి ఉన్నాయి. పొద్దున లేవగానే వేసుకున్న ముడి అది. దుర్గేష్ తల వంచుకొని పళ్లెంలో గీతలు గీస్తున్నాడు. నేను అత్తను దాటి బావ ముందుకు వెళ్లి నిలబడ్డాను.

“తాళాలు ఇయ్యను బావా. బండి నేనే నడుపుత. నా నడుపుడుల తప్పుంటే ఇప్పుడే నా ముఖం మీద చెప్పుండ్రి, వింట.”

ప్రశాంత్ నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. బావ పళ్లెం కొంచెం అవతలికి జరిపాడు. ఆయన కోపంగా లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను, వెళ్లినా నా మాట మారదని కూడా అనుకున్నాను.

“నిన్న ఎండల సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఎట్లొచ్చింది?” అన్నాడు.

అందరూ అలవాటుగా అత్త వైపు చూశారు, ఆమె నాకు చెబుతుందని. దుర్గేష్ తల ఎత్తి “మంచిగనే...” అని మొదలుపెట్టాడు. నువ్వు ఆగమన్నాను. ఆ ప్రశ్న హోళీ వెళ్లినప్పుడు అడగవలసింది. ఎండాకాలం మొత్తం మీదుగా తిరిగి తిరిగి ఇప్పటికి వచ్చింది. తొందరపడకుండా చెప్పాను.

“మొదట మంచిగ సల్లగ వస్తుంది బావా. శానసేపు ఆగితే కంప్రెషర్ టక్కుమని బందైతది. జరసేపటికి మళ్ల పడతది. బండి కదిలినంక ఏం లేదు.”

ఆయన వింటున్నాడు. ఇంజిన్ చప్పుడు వినేటప్పుడు తల ఎలా వంచుతాడో అలా వంచి, నేను చెప్పిందంతా అయ్యేదాకా విన్నాడు. మధ్యలో ఎన్నిసార్లు బందవుతుందని ఒక మాట అడిగాడు, చెప్పాను.

“గ్యాస్ ఎక్కువైంది,” అన్నాడు. “సూడకుండ నేనే మస్తు కొట్టిన. రేపు షెడ్డుకు తీసుకరా, కొంత తీస్త. నువ్వే తీసుకరా.”

ప్రశాంత్ గ్లాసు కింద పెట్టి అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. దుర్గేష్ నన్ను చూశాడు. ఆ చూపులో సిగ్గూ సంతోషమూ రెండూ ఉన్నాయి, దాన్ని తర్వాత చూసుకుందామని పక్కన పెట్టాను. అత్త గొంతు సవరించుకొని, ఎప్పటిలాగే మా మధ్యకు జరగబోయింది. నేను గిన్నె పట్టుకొని ఇంకొక అడుగు ముందుకేశాను.

“పప్పు ఎయ్యాల్నా బావా?”

“ఎయ్యి,” అన్నాడు, తలెత్తి నన్ను చూసి. వంగి వడ్డించాను. చున్నీ కొసన తాళాలు ఆయన పళ్లెం అంచుకు తగిలి గల్లుమన్నాయి. తీసి పక్కకు వేసుకోలేదు.